మేడల క్రింద గుడిసెలు

ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరమున, ఇటలీ సరిహద్దునకు చేరువలో, నీస్ అను నగరము కలదు. ఎండకును నీలి సముద్రమునకును పేరుపడిన ఊరు. చలికి వెరచిన ఉత్తరదేశపు ధనికులు శీతకాలమున అచటికి వచ్చి విడియుట 18వ శతాబ్దము నుండియు వచ్చుచున్న ఆచారము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప ఆ రాక ఇనుమడించి, నగరమున నేల దొరకుట దుర్లభమయ్యెను. తోటలు పోయి మేడలు లేచెను. మేడలకు చోటు చాలక కొండవాలులను చెక్కసాగిరి.

నగరపు రేవునకు తూర్పున మోం బోరోన్ అను కొండ కలదు. దాని పడమటి వాలున కార్నో పేరి పెద్ద వీథి, ఆ వీథి చెంతనే టెర్రా అమాటా అను చోటు. ఆ పేరునకు ‘ప్రియమైన నేల’ అని అర్థము. 1965 అక్టోబరులో ఆ నేలపై అనేక కుటుంబములకు నివాసము కాగల పెద్ద భవనమునకు పునాదులు త్రవ్వుట మొదలుపెట్టిరి. బుల్డోజరు కొండచరియను కోసిన చోట నిలువుగా మట్టిగోడ బయటపడెను. ఆ గోడలో ఇసుకపొరలు, గులకరాళ్ల పొరలు, వాని నడుమ మనుష్యుని చేతిదెబ్బ తిన్న రాళ్లు కానవచ్చెను.

చేతిదెబ్బ తిన్న రాయికిని, ఏటిలో దొర్లి పగిలిన రాయికిని భేదము చూపరులందరికిని తెలియదు. కూలివానికి రెండును రాళ్లే. మేస్త్రీకి రెండును అడ్డమే. కాని ఆ భేదమును గుర్తింపగల కన్ను ఒకటి ఆ చోటిని కొన్ని యేండ్లుగా కనిపెట్టియుండెను. మార్సే నగరమున 1934లో జన్మించిన ఆన్రీ ద లుమ్లే అను పురాతత్త్వవేత్తది ఆ కన్ను. అదే కొండపై నున్న లాజరే గుహలో ఆయన అంతకు మునుపే త్రవ్వకములు జరుపుచుండెను. టెర్రా అమాటా ఇసుకలో అడపాదడపా రాతి పనిముట్లు దొరకుచుండెనని 1950ల చివరినుండియు ఎరిగినవాడు. అందుచేత పునాదుల వార్త ఆయనకు ఆకస్మికము కాదు. తరుముకొని వచ్చిన గడువు మాత్రమే. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరములు.

యంత్రము ఒకనాడు చేయు పనిని మనుష్యుడు గరిటెతోను కుంచెతోను చేయవలెనన్న మాసములు పట్టును. మేడ కట్టువానికి ఒక్కొక్క దినము ఒక్కొక్క వ్యయము. ‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్న మన సామెతలోని కష్టము ఫ్రాన్సులో తక్కువేమియు కాదు. అప్పు తెచ్చి పునాది తీయించినవాని యొద్దకు పోయి, ‘అయ్యా, మీ పునాదిలో నాలుగు లక్షల యేండ్ల నాటి రాళ్లున్నవి, కొన్ని నెలలు పని ఆపుడు’ అన్నచో అతనికి నవ్వు వచ్చునో, కోపము వచ్చునో చెప్పలేము. పురాతన వస్తువులు బయటపడినచో ప్రభుత్వమునకు తెలుపవలెనను చట్టము ఫ్రాన్సులో 1941 నుండియు కలదు. అయినను చట్టము కాగితముపై నుండుట వేరు, నడుచుచున్న బుల్డోజరు నాగుట వేరు.

దానిని ఆపుటలో తోడుపడిన వ్యక్తి ఆంద్రే మాల్రో. 1959 నుండి 1969 వరకు ఆయన ఫ్రాన్సు సాంస్కృతిక వ్యవహారముల మంత్రి. అంతకు మునుపే లోకమెరిగిన నవలాకారుడు. ఇట ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఈ మాల్రోయే తన యౌవనమున, 1923లో, కంబోడియా అడవిలోని బాంతే స్రై దేవాలయమునుండి శిల్పములను ఊడదీసి తరలింప బోయి పట్టుబడి, మరుసటి యేట న్యాయస్థానముచే శిక్షింపబడినవాడు. ప్రాచీన శిల్పములను దొంగిలింపబోయిన చేయియే నాలుగు దశాబ్దములకు ప్రాచీన నివాసమును కాపాడు ఉత్తరువునకు తోడ్పడెను. మంత్రి శ్రద్ధవలనను, భవన నిర్మాతలు ఒప్పుకొనుటవలనను పునాదిపని కొన్ని మాసములు నిలిచెను. స్థలము మాత్రము విడువలేదు. గడువు తీరినంతనే మేడ లేవవలసినదే.

ఐదు నెలల గడువు

1966 జనవరి చివర త్రవ్వకము మొదలై జూలై మొదటివరకు ఎడతెగక సాగెను. ఐదు నెలలకు కొంచెము మించిన కాలము. సుమారు 300 మంది, వారిలో పెక్కురు విద్యార్థులు, కలసి దాదాపు 40,000 గంటలు పనిచేసిరి. వారు ఒడిసి పట్టిన నేల ఎంతయందురా? సుమారు 120 చదరపు మీటర్లు. మన పాఠశాలలలో రెండు మూడు తరగతి గదులంత.

ఈ పని యెట్లు జరుగునో విద్యార్థులు తెలిసికొనదగినది. ముందుగా నేలను దారములతో గళ్లుగా విభజింతురు. గ్రాఫు కాగితముపై గళ్లున్నట్లే నేలపైనను గళ్లుండును. పిమ్మట గరిటెతోను కుంచెతోను మట్టిని పలుచగా తొలగింతురు. రాయి కనబడిన వెంటనే దానిని పెరికి తీయరు. ఉన్నచోటనే యుంచి, గడి అంచునుండి ఇటెంత, అటెంత, పైనుండి లోతెంత అని మూడు కొలతలు వ్రాసికొని, కాగితముపై దాని ఆకారమును గీసి, సంఖ్యవేసి, ఫొటో తీసి, అటుపిమ్మటనే కదలింతురు. టెర్రా అమాటాలో ఇట్లు గుర్తింపబడిన వస్తువులు సుమారు 35,000. వానికొరకు గీసిన పటములు 1,200. ఇవిగాక, నేలపై పోతపోసి తీసిన అచ్చులు కూడ కలవు.

ఇంత బాధ యేల? రాళ్లనేరి బుట్టలో వేసికొని పోరాదా? వాకిట ముగ్గును తలచుకొనుడు. చీపురుతో ఊడ్చి, ఆ పిండినంతయు ఒక గిన్నెలో నెత్తినచో పిండి ఎక్కడికిని పోదు. ముగ్గు మాత్రము పోవును. ఎన్ని చుక్కల ముగ్గో, ఏ గీత ఏ గీతను చుట్టివచ్చినదో ఆ గిన్నెలో లేదు. త్రవ్వకమును అంతే. త్రవ్వినవాడు తాను చదివిన దానిని చదువుచుండగానే చెరపుచున్నాడు. ఊడ్చుటకు మునుపు చుక్కలను కాగితముపై దించినవాడు మాత్రమే రేపు ఇంకొకనికి ఆ ముగ్గును చూపగలడు. ఈ చిన్న విషయము ఇట్లు విస్తరించి చెప్పుటకు కారణము కలదు; అది ముందు తెలియును.

ఆ ఇసుకలో వారు చదివిన కథ యిది. నాటి సముద్రపు టొడ్డు నేటి మట్టమునకు సుమారు 26 మీటర్ల ఎత్తున నుండెను. నేడు కొండవాలు అనుకొనుచున్న చోటు ఒకప్పుడు చిన్న అఖాతపు తీరము. ప్రక్కనే మంచినీటి ఊట. త్రవ్వకములలో ఒకదానిపై నొకటిగా 21 నివాసతలములు కనిపించెనని ద లుమ్లే బృందము ప్రకటించెను. వానిలో నాలుగు ఇసుకతిన్నె మీద, ఆరు ఒడ్డున, పదునొకండు వెనుకనున్న ఇసుకదిబ్బ మీద. కోడిగ్రుడ్డు ఆకారముగల గుడిసెలు. పొడవు 7 మొదలు 15 మీటర్లు, వెడల్పు 4 మొదలు 6 మీటర్లు. కొమ్మలను నేలలో వరుసగా నాటి, అవి పడిపోకుండ మొదట రాళ్లు పేర్చిన గుర్తులు. నడుమ లావాటి రాటలు దిగిన గుంటలు.

ప్రతి గుడిసె నడుమను పొయ్యి. కొన్ని పొయ్యిలు ఇసుకలో తవ్విన గుంటలు, కొన్ని గులకరాళ్లు పరచిన అరుగులు. పొయ్యికి వాయవ్యమున చిన్న రాళ్లతో కట్టిన అడ్డు. నేటికిని నీస్ నగరమున ఆ దిక్కునుండి గాలి బలముగా వీచును. కొమ్మల సందులనుండి దూరు గాలికి నిప్పు ఆరకుండ ఎవరో నాలుగు రాళ్లు పెట్టిరి. మన పల్లెలలో ఆరుబయట వంట చేయునపుడు గాలివాటు చూచి పొయ్యికి రేకు అడ్డుపెట్టు ఇల్లాలి తెలివికిని ఆ తెలివికిని భేదమేమియు లేదు. మానవుడు నిప్పును ఇంటిలోనికి తెచ్చుకొని కాపాడుకొనినట్లు ఐరోపాలో దొరకిన మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యములలో ఈ పొయ్యిలు చేరినవి.

ఎముకలవలన వారి ఆహారము తెలిసెను: ఎర్రజింకలు, అడవిపందులు, అడవి యెద్దులు, కొండమేకలు, కుందేళ్లు, నేడు భూమిపై లేని ఒక జాతి ఖడ్గమృగము, ఏనుగులు. ఆల్చిప్పలు మొదలైనవి సముద్రము నిచ్చినవి. ఒకచోట రాయి చెక్కినవాని ఆసనము కనబడెను. ఆసనమనగా పీట కాదు. చుట్టును రాతిపెళ్లలు చెదరిపడి యుండి నడుమ ఖాళీగానున్న చోటు. అతడు కూర్చున్నంత మేర పెళ్లలు పడలేదు. ఆ మనిషి ముఖము మనకు తెలియదు, భాష యున్నదో లేదో తెలియదు, పేరు పెట్టుకొను అలవాటుండెనో లేదో తెలియదు. అతడు కూర్చున్న వెడల్పు మాత్రము తెలియును.

మరియొకచోట ఇసుకలో 24 సెంటీమీటర్ల పొడవుగల కుడికాలి అడుగుగా గుర్తింపబడిన ముద్ర దొరకెను.

ఏ ఋతువున వచ్చి యుండిరో తెలిపిన ఆధారము మరింత విచిత్రము. రాయిగా మారిన మానవమలమును పరీక్షింపగా దానిలో ఒక పొదజాతి మొక్క పుప్పొడి కనిపించెను. పసుపుపచ్చని పూలు పూయు ఆ మొక్క వసంతము చివర, వేసవి మొదట పుష్పించును. పుప్పొడి గాలిలో ఎగిరి, ఆహారముతోనో ఊపిరితోనో కడుపులో చేరవలెను. కావున ఆ మనుష్యులు ఆ పూలు పూచు దినములలో అచట నుండిరనుట. అసహ్యించుకొని అవతల పారవేయు వస్తువు ఋతువును చెప్పెను! శాస్త్రమునకు అంటు లేదు, ముట్టు లేదు.

ఈ ఆధారములను కూర్చి ద లుమ్లే ఒక చిత్రమును రచించెను. వేటగాండ్ర గుంపు ఏటేట వసంతము చివర ఆ తీరమునకు వచ్చెడిది. గుడిసె వేసికొని కొన్నాళ్లుండి, వేటాడి, పనిముట్లు చెక్కుకొని పోయెడిది. గాలికి ఇసుక కప్పినదానిపైననే మరుసటి యేడు తిరిగి గుడిసె వేసెడివారు. 1969లో ఆయన ఈ సంగతులను ‘సైంటిఫిక్ అమెరికన్’ అను ప్రసిద్ధ మాసపత్రికలో వ్రాసెను. కొమ్మల గుడిసె బొమ్మ దేశదేశముల పుస్తకములలోనికి పాకెను. మానవుని తొలి గృహము ఇదియే యని పిల్లలకు పాఠము చెప్పిరి.

విరిగిన రాళ్లు అతుకుట

కథ ఇచట ముగిసినచో ఇది విజయగాథ మాత్రమే యగును. కాని 1970లలో పావోలా విల్లా అను పరిశోధకురాలు ఆ రాళ్లను మరల చేతబట్టెను. ఆమె అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున టెర్రా అమాటాను గూర్చియే పరిశోధించి, 1982, 1983 సంవత్సరములలో తన ఫలితములను ప్రకటించెను. ఆమె చేసిన పని చెప్పుటకు సులభము, చేయుటకు కఠినము. వేలకొలది రాతిముక్కలలో ఏ ముక్క ఏ ముక్కకు అతుకునో వెదకి చూచుట. జాడీ పగిలినప్పుడు ముక్కలను జతపరచి చూతుమే, అట్లు. ఒక గులకరాయిని నాటి మనుష్యుడు పగులగొట్టెను, పెళ్లలు చెదరెను. ఆ పెళ్లలను తిరిగి కూర్చగలిగినచో అవి యన్నియు ఒకేనాడు, ఒకేచోట రాలినవని నిశ్చయము గదా.

అయితే ఒకేనాడు రాలిన పెళ్లలు ఒకే పొరలో నుండవలెను. ఆమెకు అతికిన జంటలలో పెక్కింటి ముక్కలు వేరువేరు పొరలనుండి వచ్చినవి! పైపొరలో నున్నదాని జోడు క్రిందిపొరలో దొరకెను. ఒక రాయిని సగము ఈయేడును, సగము పది యేండ్ల పిదపను పగులగొట్టి యుండరు. కావున నేలలో రాళ్లు కదలినవి. చెట్లవేళ్లు, బొరియలు చేయు ప్రాణులు, నీటితడి, ఎండ, కాలి త్రొక్కుడు, ఇవి యన్నియు వేలయేండ్లలో ఇసుకను కలియబెట్టుచునే యుండును. కదలని నేల యని మనము అనుకొనునది మిక్కిలి నెమ్మదిగా కదలు నేల మాత్రమే.

ఇందువలన తేలినదేమి? ఒక్కొక్క పొరను ఒక్కొక్క యేటి నివాసముగా లెక్కించి, ఇరువది యొకటి నివాసములు, పదునొకండు వసంతములు అని చెప్పుట నిలువదు. ఏటేట తప్పక తిరిగివచ్చిన ఆ గుంపు కథకును ఆధారము సడలినది. పొరలు కలసిపోయిన చోట, గుడిసె గోడలని చెప్పిన రాళ్ల వరుసలను సయితము సంశయముతో చూడవలసి వచ్చెను. కాలనిర్ణయమునందును భేదము వచ్చెను. కాలిన చెకుముకి రాయిని వేడిచేసి, అది వెలువరించు కాంతినిబట్టి వయస్సు లెక్కగట్టు పద్ధతిని 1977లో ప్రయోగింపగా సుమారు 2,30,000 సంవత్సరములని వచ్చెను. పిమ్మట వేరు పద్ధతిలో సుమారు 3,80,000 అని చెప్పిరి. ప్రదర్శనశాలవారు ఈ రెండవ లెక్కనే గ్రహించిరి. మానవుడు అచట నిప్పు నుపయోగించెనన్నది మాత్రము విల్లా సయితము అంగీకరించిన విషయము.

ద లుమ్లే తన గుడిసెలను విడువలేదు. విద్వాంసులలో ఇటును అటును కలరు. నా మట్టుకు నాకు విల్లా వాదము బలముగా తోచుచున్నది. పొయ్యి నమ్మదగినది, పందిరి అంత నమ్మదగినది కాదు. కాని పాఠకులు గమనింపవలసిన సంగతి యొకటి ఇందులో దాగియున్నది. విల్లా ద లుమ్లేను ఖండించిన ఆయుధము ఎవరిది? ద లుమ్లేదే. ఏ ముక్క ఏ లోతున, ఏ గడిలో దొరకెనో 1966లో ఆ విద్యార్థులు పటములపై గీయకున్నచో, ఆ రాయి ఏ పొరదో ఈ స్త్రీకి తెలియు దారియే లేదు. రాళ్లను బుట్టలో వేసికొని పోయినచో గుడిసెల కథను నమ్మువారు నమ్ముదురు, మానువారు మానుదురు. తప్పని చూపగలవాడు ఒక్కడును ఉండడు. తన్ను ఖండించు సాధనమును తానే సిద్ధపరచి యిచ్చిన త్రవ్వకమును హడావుడి త్రవ్వక మనుటకు నాకు నోరు రాదు.

అయినను గడువు గడువే. ఇంకొక యేడుండినచో మరియొక మూల త్రవ్వియుందురేమో, సంశయము కలిగినచోట మరల చూచియుందురేమో. ఇప్పుడు చూచుటకు నేల లేదు. అక్కడ మేడ యున్నది.

నీటిక్రిందికి పోయిన నగరము

ఈ గడువు బాధ తెలుగువారికి క్రొత్తది కాదు. టెర్రా అమాటాకు పండ్రెండేండ్ల మునుపే మనవారు దానికంటె అనేక రెట్లు పెద్ద పరీక్షను ఎదుర్కొనిరి. కృష్ణానదిపై నాగార్జునసాగర నిర్మాణము నిశ్చయమైనప్పుడు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ యంతయు నీటిపాలు కావలసి వచ్చెను. 1954లో భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యము ఆధ్వర్యమున త్రవ్వకములకు ఉపక్రమించెను. ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది 1955 డిసెంబరు 10న. త్రవ్వకములు 1960 వరకు సాగెను. శిలాయుగపు పనిముట్లు మొదలుకొని, బృహచ్ఛిలాయుగపు సమాధులు, ఇక్ష్వాకుల విహారములు, దేవాలయములు, స్నానఘట్టములు, ప్రేక్షకులు కూర్చుండు మెట్లతోకూడిన రంగస్థలమువరకు నూరింటికి పైగా స్థలములు వెలువడెను. వానిలో తొమ్మిదింటిని ఊడదీసి కొండమీద తిరిగి నిర్మించిరి. పదునాలుగింటికి చిన్న నమూనాలు చేసిరి. ఆ కొండ నేడు జలాశయము నడుమ ద్వీపము. 1966లో, అనగా నీస్ నగరమున ఆ విద్యార్థులు కుంచెలతో ఇసుక తుడుచుచున్న సంవత్సరముననే, అచటి ప్రదర్శనశాల తెరవబడెను.

ఉపాధ్యాయులగు పాఠకులకు ఇచట ఒక మాట గుర్తుచేయవలెను. నాగార్జునకొండ లోయలో ప్రాచీన శిథిలములున్నవని 1926లో తొలుత అధికారులకు తెలిపినవాడు సూరపరాజు వెంకటరామయ్య. ఆయన పురాతత్త్వ పండితుడు కాడు, బడిపంతులు. ఆయన చూచినది నిలిచియున్న ఒక స్తంభము. ఎందరో గొర్రెల కాపరులు, కట్టెలు కొట్టువారు నిత్యము చూచినదే. చూచి ఊరకుండక జాబు వ్రాసినవాడు ఆయన. ఆ జాబు వెంట పురావస్తు శాఖనుండి ఎ. రంగస్వామి సరస్వతి వచ్చెను, 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వెను, 1938లో టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వెను. ఆనకట్ట మాట వచ్చునాటికి ఆ లోయ విలువ లోకమునకు తెలిసియుండుటకు మూలము ఆ పంతులుగారి లేఖ. అది లేనిచో 1954లో ఏమి మునుగుచున్నదో తెలిసి గోల పెట్టువారే లేకుందురు.

ఆనకట్టకైనను గడువు కొన్ని సంవత్సరములు. లోయ ఎక్కడనున్నదో అందరికిని తెలియును. నీరు ఎంతవరకు వచ్చునో ఇంజనీర్లు గీత గీసి చూపిరి. ఇండ్ల నిర్మాణము అట్లు కాదు. అది ఒక్కొక్క ఎకరముగా, ఒక్కొక్క ప్లాటుగా, నిశ్శబ్దముగా నేలను మ్రింగును. హైదరాబాదు పరిసరములందు మౌలాలి, హష్మత్‌పేట మొదలగు చోట్ల ఇనుపయుగపు సమాధులు, గుండ్రముగా పేర్చిన పెద్దరాళ్లతో, ఉండెడివి. నగరము పెరిగిన కొలది వానిలో పెక్కు మాయమైనవి. వానిని పడగొట్టవలెనని ఎవ్వరును పూనుకొనలేదు. చదును చేసిరి, అంతే. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో అట్టి సమాధులు త్రవ్వి పరిశీలింపబడినవన్నచో, ఆ నేల విద్యాలయమునది యగుటయు, చూచినవారు చరిత్రాచార్యులగుటయు కారణము.

మన చట్టము ఏమనుచున్నది? 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టమును 2010లో సవరించి, కేంద్ర రక్షణలోనున్న కట్టడమునకు చుట్టును 100 మీటర్ల వరకు నిర్మాణము నిషేధించిరి; ఆపైన మరి 200 మీటర్లు అనుమతికి లోబరచిరి. ఇది మంచిదే. కాని ఇది తెలిసిన దానికి కంచె. భూమిలో దాగి, ఇంకను ఎవ్వరి కంటను పడని దానికి ఈ కొలబద్ద పనికిరాదు. టెర్రా అమాటా వంటి చోటు మనదేశమున నేడు బయటపడినచో, దాని చుట్టును 100 మీటర్లు కొలుచుటకు ముందు అది యున్నదని తెలియవలెను గదా.

ఐరోపావారు ఈ చిక్కును విప్పిన విధము వేరు. 1992లో మాల్టా ద్వీపమునందలి వాలెట్టా నగరమున వారొక ఒడంబడిక చేసికొనిరి. నిర్మాణమునకు అనుమతి నిచ్చుటకు ముందే నేలను పరీక్షింపవలెను. ఆ వ్యయమును నిర్మాణము తలపెట్టినవారు భరింపవలెను. ఇది దాని సారాంశము. ఫ్రాన్సు 2001లో ఇందుకై ప్రత్యేక చట్టము చేసి, 2002లో ఒక జాతీయ సంస్థను నెలకొల్పెను. నేడు అచట ఒక పెద్ద గృహసముదాయము కట్టదలచినచో, ఆ శాఖవారు కోరిన యెడల, మొదట ఆ నేలయందు వరుసగా పొడవాటి కందకములు తీయుదురు. మొత్తము వైశాల్యములో 5 మొదలు 10 శాతము మాత్రమే త్రవ్వుదురు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు కుండనంతయు కలియబెట్టము గదా. ఏమియు దొరకనిచో నేలను విడుతురు. పెక్కుమారులు జరుగునది ఇదియే. దొరకినచో పూర్తి త్రవ్వకము జరుగును. అదియు ముగిసిన పిదప ఇండ్లు లేచును. ఇల్లు కట్టువానికి ముందే తెలిసిన ఆలస్యము, ముందే తెలిసిన వ్యయము. పునాది తీసినపిదప పిడుగువలె వచ్చి పడుటకంటె ఇది మేలు. బుల్డోజరును ఆపుటకు మంత్రియొద్దకు పరుగెత్తవలసిన పనియు లేదు.

ఇందును లోపములు లేకపోలేదు. కందకమునకు కందకమునకు నడుమ మిగిలిన చోట పలుచని నివాసపు గుర్తు ఏదైన తప్పించుకొనవచ్చును. చతికిలబడి రాయి చెక్కినవాని ఆసనము వంటిది ఎంత వెడల్పు? ఒక గజము. యంత్రము తీసిన కందకములో అట్టిది కనబడునని చెప్పుట కష్టము. త్రవ్వినదంతయు ప్రకటింపబడునా యన్నది మరియొక లోపము. పెట్టెలలో చేరి ఎవరును తెరువని రాళ్లు అన్ని దేశములందును కలవు.

ఈ విషయమున టెర్రా అమాటాకును నాగార్జునకొండకును విచిత్రమైన పోలిక కలదు. 1954–60 నాటి నాగార్జునకొండ త్రవ్వకముల నివేదిక మొదటి సంపుటము 1975లో వెలువడగా, రెండవ సంపుటము 2006 వరకు వెలువడలేదు. 1966లో ఐదు నెలలలో ముగిసిన టెర్రా అమాటా త్రవ్వకపు సమగ్ర గ్రంథము మొదటి సంపుటము అచ్చయినది 2009లో. నాడు కుంచె పట్టిన ఇరువదేండ్ల విద్యార్థి దానిని చదువునాటికి అరువది దాటి యుండును.

మేడ మాత్రము ఆలస్యము కాలేదు. 1966 జూలైలో పురాతత్త్వవేత్తలు తొలగిన పిమ్మట నిర్మాణము తిరిగి సాగెను. అయితే ఆ భవనపు అడుగుభాగమును ఇండ్లకీయక ప్రదర్శనశాలకు విడిచిరి. 1976లో అది తెరవబడెను. నివాసతలపు అచ్చు ఒకటి, అది యున్నచోటనే, ఆ గదిలో పరచియున్నది. రాళ్లు, ఎముకలు, ఆ అడుగు ముద్ర, పొయ్యి, పొయ్యికి వాయవ్యమున నాలుగు రాళ్ల అడ్డు. దానిపైన అంతస్తులలో కుటుంబములు కాపురమున్నవి.